తొమ్మిది రోజుల సాక్ష్యం

లారెల్ ఫోర్క్ లోయలో గడ్డి కోసే మిషను మొరాయిస్తే ఆర్లిస్ స్టిడమ్ దగ్గరికి తీసుకెళ్లేవారు. రంపం మొరాయించినా, దుక్కి మిషను మొరాయించినా అక్కడికే. అతను దాని చుట్టూ ఒకసారి తిరిగి, మూత విప్పి వాసన చూసి, "పెట్రోలు పాతబడింది" అనేవాడు. పదింట తొమ్మిదిసార్లు నిజంగానే పాతబడి ఉండేది. పదోసారి మిషనే పాతబడి ఉండేది గానీ, ఆ మాట ఎవరి ముఖం మీదా అనేవాడు కాదు.

ఇంటి వెనక వాగు ఒడ్డున రేకుల షెడ్డు. పొద్దున్నుంచి చీకటిపడేదాకా అందులో ఏదో ఒక ఇంజిను దడదడమని మోగేది, అయిదు నిమిషాలు నీలం పొగ కక్కి ఆగిపోయేది. ముప్పావుగంటకు ఇంకోటి. రోజుకు ఇరవైసార్లు. "వాడు బాగుచేసి ఊరుకోడు, ఇరవైసార్లు నడిపి చూసుకుంటాడు. పనిమంతుడంటే అలా ఉండాలి" అని జనం చెప్పుకునేవారు. ఇప్పుడా షెడ్డు మోగడం లేదు. ఆ దారిన పోయే బండ్లు అక్కడికి రాగానే ఇప్పటికీ కాస్త నెమ్మదిస్తాయి.

ఇరవైసార్లు ఎందుకంటే, పెట్టెకు ఇరవై సిగరెట్లు. ఇంజిను పొగలో సిగరెట్టు పొగ కలిసిపోతే వేటకుక్క కూడా పోల్చుకోలేదు. పెట్టె దాచే చోటు ఒక ఎర్ర దుక్కి మిషను గాలి డబ్బా. ఆ మిషను సొంతదారు చనిపోయి పంతొమ్మిదేళ్లయినా అది మరమ్మతులోనే ఉండేది. జేబునిండా పిప్పరమెంటు బిళ్లలు, చేతికి తోలు తొడుగులు. ఆ లోయలో సగంమంది మగవాళ్లు వరండాలో కాళ్లు బారజాపుకుని పట్టపగలు కాల్చేవాళ్లు, ఎవరూ ఏమీ అనేవారు కాదు. దాక్కుని కాల్చాల్సిన కర్మ ఒక్క ఆర్లిస్‌కే పట్టింది, ఎందుకంటే మానేసినవాడని పేరుపడ్డది అతనే.

అబద్ధం చెప్పాలనుకుని చెప్పినవాడు కాడు ఆర్లిస్. నలభై మూడో ఏట, అప్పుడే కొత్తగా వచ్చిన పాస్టర్ బ్రదర్ డెంజిల్ చర్చిలో వారం రోజుల ఉజ్జీవ సభలు పెట్టినప్పుడు, అతను నిజంగానే పెట్టె తీసి వాగులో విసిరేశాడు. నిజంగానే తొమ్మిది రోజులు ముట్టుకోలేదు. తొమ్మిదో రోజు ఆదివారం. సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని పాస్టర్ అడిగితే, ఎప్పుడూ నోరు విప్పని ఆర్లిస్ లేచి నిలబడ్డాడు. దేవుడు నా నోట్లోంచి ఆ రుచిని తీసేశాడు, ఇప్పుడు దాని వాసన కూడా గుర్తులేదు అని నాలుగు ముక్కలు చెప్పి కూర్చున్నాడు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. అతని భార్య ఎస్టా, ఆ వారమే ఆపిల్ ముక్కలు ఎండబెట్టి ఉంచుకున్నది, ఆ సాయంత్రం వాటితో ఏడు పొరల కేకు చేసింది.

పదో రోజు సోమవారం. ఎవరిదో రంపం వచ్చింది. దాని పెట్టెలో పానాల కింద మూడు సిగరెట్లున్న పాత పెట్టె దొరికింది. ఒక్కటే అనుకున్నాడు. మూడూ అయ్యాక, వచ్చే ఆదివారం లేచి ఒప్పేసుకుందాం అనుకున్నాడు.

వచ్చే ఆదివారం అతను లేచేలోపు బర్ల్ ఫ్యూగేట్ లేచాడు. బర్ల్ బొగ్గుగనిలో బెల్టు మరమ్మతు చేసేవాడు, ఆర్లిస్‌తో కలిసి ఒకటో తరగతి నుంచి దెబ్బలు తిన్నవాడు. "ఆర్లిస్‌గాడు మానగలిగినప్పుడు గాడిదైనా మానగలదు అనుకున్నాను. ఇవాళ్టికి ఆరు రోజులు" అని, అంత మనిషీ వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపు మధ్యలో లేచి, నేను మళ్లీ మొదలెట్టాను అని చెప్పడానికి ఆర్లిస్‌కు నోరు రాలేదు. మూడో ఆదివారం ఇంకొకడు. ఏడాది తిరిగేసరికి మొత్తం ఏడుగురు మానేశారు. అందరూ చెప్పింది ఒకటే: ఆర్లిస్ సాక్ష్యం విని. ఆర్లిస్ తేలు కుట్టిన దొంగలా ముందు బెంచీలో కూర్చునేవాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. చర్చి సంఘం అక్టోబరు మూడో ఆదివారాన్ని విడుదల ఆదివారం అని పెట్టుకుంది. ఏటా ఆ రోజు ఎస్టా కేకు చెయ్యడం, ఆర్లిస్ చేత మళ్లీ ఆ కథ చెప్పించడం. అతను క్లుప్తంగా చెబితే వెనక నుంచి అందించేవాళ్లు. అయిదో ఏట ఎవరో, పెట్టె విసిరినప్పుడు మెరుపు మెరిసింది కదా అన్నారు. ఆర్లిస్ కాదనలేదు. పదో ఏటికి ఆ కథలో వాగు కూడా కాస్త పొంగింది.

ఇలా ఇరవై ఒక్క ఏళ్లు గడిచాయి.

ఆ ఏడు మార్చిలో ఆర్లిస్ అన్న హాలిస్ చనిపోయాడు. దగ్గు తగ్గక డాక్టరు దగ్గరికి వెళ్లేసరికే ఊపిరితిత్తుల్లో పుట్టిన క్యాన్సర్ కాలేయం దాకా పాకింది. ఆ తర్వాత పదకొండు వారాలే బతికాడు. సమాధి దగ్గర డాక్టరు, బఠాణీ గింజంత ఉన్నప్పుడు పట్టుకుని ఉంటే ఇవాళ మనమందరం ఇక్కడ నిలబడేవాళ్లం కాదు అన్నాడు. ఇప్పుడు నొప్పీ దగ్గూ లేని రోజుల్లోనే స్కానింగులో కనిపిస్తుందట, నిమిషం కూడా పట్టదట. ఆర్లిస్ ఆ రోజు నుంచి బఠాణీలు తినడం మానేశాడు. సిగరెట్టు మానలేకపోయాడు. ఒక్కో సిగరెట్టు ముట్టించి, లోపల ఎక్కడో ఆ గింజ ఉందా లేదా అని చెవి రిక్కించి వినేవాడు, ఇంజిను మోత తప్ప ఏమీ వినిపించేది కాదు.

స్కానింగు చేయించుకోవాలంటే ఒక లెక్క ఉంది. వయసు యాభై అయిదు దాటాలి, రోజుకో పెట్టె చొప్పున ముప్పై ఏళ్లయినా కాల్చి ఉండాలి, ఇంకా కాలుస్తూ ఉండాలి, లేదా మానేసి పదిహేనేళ్లు దాటకూడదు. మొదటి రెండిట్లో ఆర్లిస్‌కు వంక పెట్టడానికి లేదు. మూడో దానిలోనే చిక్కు. ఊళ్లో క్లినిక్కు వెళ్లి, గుమాస్తా వెర్డీ కూంబ్స్‌ను మాటల్లో పెట్టి, తన కాగితాల్లో ఏముందో కనుక్కున్నాడు. మానేసి ఇరవై ఒక్క ఏళ్లని ఉంది. ఆ ముక్క ఎవరు రాశారని అడిగితే వెర్డీ, నేనే, ఆ ఆదివారం నీ వెనక బెంచీలోనే ఉన్నాను కదా, సోమవారం రాగానే రాసేశాను అంది. చర్చి పుస్తకంలో సాక్ష్యాలు రాసేదీ ఆవిడే. రెండు పుస్తకాల్లోనూ ఒకే మాట, ఒకే చేతిరాత.

పక్క జిల్లా ఆసుపత్రికి వెళ్దామని ఒక మంగళవారం నలభై మైళ్లు బండి నడిపాడు. అక్కడ కిటికీ వెనక బర్ల్ కోడలు కూర్చుని ఉంది. ఏం పని మీద వచ్చావు మామా అని అడిగితే, బయట గడ్డి మిషను శబ్దం తేడాగా ఉంటే ఆగాను అన్నాడు. ఆవిడ ఎంతో సంతోషించి తోటమాలిని పిలిచింది. ఆర్లిస్ ఆ మధ్యాహ్నమంతా ఆసుపత్రి గడ్డి మిషను బాగుచేసి, వాళ్లిచ్చిన చికెన్ శాండ్‌విచ్ తిని ఇంటికొచ్చాడు. ఆ తర్వాత నెలకోసారి వాళ్లు ఫోను చేసి పిలిచేవారు. నాలుగుసార్లు ఆ ఆసుపత్రికి వెళ్లాడు. దాని మిషన్లన్నీ బాగుపడ్డాయి.

ఈలోగా స్కానింగు మిషనే లోయలోకి వచ్చింది. లెక్సింగ్టన్ నగరం నుంచి ఒక పెద్ద బస్సు, లోపలే మిషను పెట్టుకుని ఊరూరా తిరుగుతుందని బ్రదర్ డెంజిల్‌కు తెలిసింది. ఆయన దాన్ని విడుదల ఆదివారం నాడు చర్చి ఆవరణలో నిలపమన్నాడు. బస్సు దగ్గర నిలబడి, బిడియపడేవాళ్లకు నచ్చజెప్పి ఎక్కించడానికి ఒక మనిషి కావాలి. ఎవరా అని సంఘం ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. ఆర్లిస్‌కు నారింజరంగు చేతుల్లేని కోటు ఒకటి తొడిగారు. వీపు మీద "నన్ను అడగండి" అని రాసి ఉంది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఆర్లిస్ ఆ కోటు తొడుక్కుని బస్సు ఇనప మెట్ల పక్కన నిలబడ్డాడు. మెట్లు ఆరు. ఎదురుగా చర్చి వంటగది కిటికీ, కిటికీలో బీన్స్ కూర కలుపుతూ ఎస్టా, ఇంకో నలుగురు ఆడవాళ్లు. ఆ మెట్లు ఎక్కినవాడెవడో, ఎంతసేపు లోపలున్నాడో వాళ్లకు లెక్కే. ఆర్లిస్ మధ్యాహ్నం రెండయ్యేసరికి పంతొమ్మిది మందిని ఎక్కించాడు. సిగ్గేముంది, పోయి పడుకో, నొప్పి ఉండదు, సూది ఉండదు, నిమిషంలో దిగుతావు, చిన్నగా ఉన్నప్పుడు దొరికితే నీ అదృష్టం అని ఒక్కొక్కరికీ చెప్పాడు. అతని గొంతులో అంత వేడుకోలు ఉండేసరికి వద్దనుకున్నవాళ్లు కూడా ఎక్కారు. తను మాత్రం మెట్టు మీద కాలు కూడా పెట్టలేదు. ఆ మెట్టెక్కడమంటే ఇరవై ఒక్క ఏళ్ల సాక్ష్యాన్ని అందరి కళ్లముందూ కిందపడెయ్యడం. ఎక్కకపోవడమంటే ఆ గింజను, ఉందో లేదో తెలియకుండా, లోపలే పెంచుకోవడం. సాయంత్రం అయిదింటికి బస్సు వెళ్లిపోతుంది.

ఇరవయ్యోవాడు బర్ల్. రెండేళ్ల నుంచి మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడు. బస్సు గుమ్మంలో కాగితాలు పట్టుకుని కూర్చున్న నర్సు టోన్యా ఈ లోయ పిల్ల కాదు, అందుచేత ఎవరి గురించీ ముందే ఏమీ తెలీదు. ఎప్పుడు మానేశారని అడిగింది. బర్ల్ ఛాతీ విరిచి, ఇరవై ఒక్క ఏళ్లయింది అన్నాడు.

"చాలా మంచి పని చేశారు బాబాయ్. కానీ పదిహేనేళ్లు దాటినవాళ్లు మా లెక్కలోకి రారు."

"మానకపోయి ఉంటే?"

"వచ్చేవారు."

బర్ల్ కాసేపు ఆమెను చూశాడు, తర్వాత బస్సును చూశాడు. "అంటే మానినవాడు బయట నిలబడాలి, మాననివాడు లోపలికెళ్లి పడుకోవాలి. ఇదేం లెక్కమ్మా?"

మానడం వల్ల మీకు ముప్పు బాగా తగ్గింది, అందుకే ఆ గీత అక్కడ గీశారు, గీసింది నేను కాదు, ఆయాసం సంగతి మాత్రం వెంటనే మీ డాక్టరుకు చూపించుకోండి, అది వేరే పరీక్ష అని టోన్యా ఓపిగ్గా చెప్పింది. బర్ల్‌కు అవేవీ ఎక్కలేదు. ఆర్లిస్ మోచెయ్యి పట్టుకుని బస్సు వెనక్కి లాక్కెళ్లాడు.

"ఒరేయ్, నువ్వెళ్లి ఆ పిల్లకు చెప్పు. పోయినేడు కూడా బర్ల్ కాల్చాడు, నా కళ్లతో చూశానని చెప్పు."

"నువ్వు కాల్చలేదు కదరా."

"కాల్చలేదనేగా చెప్పమంటున్నాను. నేను చెబితే నమ్మదు. నువ్వు చెబితే నమ్ముతుంది. నువ్వు అబద్ధమాడవని ఈ జిల్లాలో కుక్కలకు కూడా తెలుసు."

ఆర్లిస్ బర్ల్ ముఖంలోకి చూశాడు. ఆ నమ్మకం ముందు నిలబడటం కంటే నేలలో కూరుకుపోవడం హాయిగా ఉంటుందనిపించింది.

"నేను కాల్చాను" అన్నాడు.

"నువ్వు కాదురా, నేను. నేను కాల్చానని చెప్పాలి. మళ్లీ అను."

"బర్ల్, నేను కాల్చాను. పోయినేడు కాల్చాను, అంతకుముందు ఏడు కాల్చాను. పొద్దున ఆరాధనకు ముందు కూడా ఒకటి కాల్చాను. పదో రోజు నుంచీ కాలుస్తూనే ఉన్నాను."

బర్ల్ మొదట నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, దగ్గరికొచ్చి, ఆర్లిస్ గడ్డం కింద వాసన చూశాడు. పిప్పరమెంటు, పెట్రోలు, వాటి అడుగున మూడోది. ఇరవై ఒక్క ఏళ్లయినా ఆ మూడోదాన్ని అతని ముక్కు మర్చిపోలేదు.

"మరి మేం ఏడుగురం?" అన్నాడు.

ఆర్లిస్ నారింజరంగు కోటు విప్పి బర్ల్ చేతిలో పెట్టి, బస్సు ముందుకు నడిచి, ఆరు మెట్లూ ఎక్కాడు. వంటగది కిటికీలో అయిదు గరిటెలు ఒక్కసారే ఆగాయి.

లోపల టోన్యా మళ్లీ మొదటి నుంచి అడిగింది. ఆఖరి సిగరెట్టు ఎప్పుడంటే పొద్దున తొమ్మిదింబావుకు అన్నాడు. రోజుకెన్ని అంటే ఇరవై. ఎన్నేళ్ల నుంచి అంటే, పదిహేనో ఏట మొదలెట్టాను, ఇప్పుడు అరవై నాలుగు, అందులో తొమ్మిది రోజులు తీసెయ్యమ్మా అన్నాడు. కాగితంలో తొమ్మిది రోజులు రాయడానికి గడి లేదంది ఆమె. ఎక్కడో ఒక చోట రాయమని అతను పట్టుబట్టాడు. పాపం ఆమె అంచున పెన్సిలుతో రాసింది.

బల్ల మీద పడుకోబెట్టి చేతులు తలపైకి పెట్టించారు. చక్రంలాంటి మిషను చుట్టూ తిరిగింది. ఊపిరి బిగబట్టమని ఒక గొంతు చెప్పింది. ఇరవై ఒక్క ఏళ్లుగా ఊపిరి బిగబట్టి బతికినవాడికి ఇంకో ఆరు సెకన్లు కష్టం కాలేదు. వదలమన్నప్పుడే కాస్త కష్టమైంది.

దిగేసరికి ఆవరణలో బర్ల్ ఒక్కడే ఉన్నాడు. కోటు తొడుక్కుని, వీపు ఇటు తిప్పి నిలబడ్డాడు.

ఇంటికి వెళ్లే దారిలో ఎస్టా కేకు ఒడిలో పెట్టుకుని కూర్చుంది, ఆ వేళ దాన్ని ఎవరూ కొయ్యలేదు. వంతెన దాటాక, ఎన్నాళ్ల నుంచి అని అడిగింది. పదో రోజు నుంచి అన్నాడు.

"ఆ పిప్పరమెంటు బిళ్లలు అందుకా?"

"అందుకే."

"నేను ఎవత్తో ఉందనుకున్నాను" అంది ఎస్టా, కిటికీలోంచి బయటికి చూస్తూ. "షెడ్డులోకి పోయేటప్పుడల్లా నోరు శుభ్రం చేసుకుంటుంటే ఏమనుకోమంటావు? మూడేళ్లు ఏడ్చాను. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని దాన్ని క్షమించేశాను. ఆడది ఎవరో తెలియకుండా క్షమించడం ఎంత కష్టమో నీకేం తెలుసు?"

"ఎవరూ లేరు ఎస్టా."

"లేరని ఇప్పుడు చెబుతున్నావు. ఆ క్షమాపణ ఇప్పుడు ఎవరికివ్వను?"

ఆర్లిస్ నాకివ్వు అనబోయి, అడిగే ముఖం లేక ఊరుకున్నాడు. ఎస్టా ఆ రాత్రి ఏడు పొరల కేకులో రెండు పొరలు ఒక్కతే తిని పడుకుంది.

పన్నెండు రోజులకు ఫోను వచ్చింది. కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ ఉంది. పదకొండు మిల్లీమీటర్లు, బఠాణీ గింజ కంటే కొంచెం పెద్దది. లెక్సింగ్టన్‌లో అతన్ని నిద్రపుచ్చి, నోట్లోంచి సన్నటి గొట్టం దింపి, దాన్ని ఒక యంత్రపు చేత్తో నడిపించి, ఆ మచ్చలోంచి చిటికెడు ముక్క తెచ్చారు. క్యాన్సరే. కానీ మొదటి దశ, ఎక్కడికీ పాకలేదు. హాలిస్‌కు దొరకని అదృష్టం ఇది. సర్జను కంప్యూటర్ మీద బొమ్మ చూపించి, మునుపైతే పెద్ద భాగమంతా తీసేవాళ్లం, ఇంత చిన్నదానికి ఇప్పుడు అది ఉన్న ముక్క ఒక్కటి తీస్తే చాలు, పక్కటెముకల మధ్య నాలుగు చిన్న రంధ్రాలు, మూడో రోజుకు ఇంటికి అన్నాడు. ఆపరేషను వచ్చే గురువారం.

కబురు చర్చికి చేరగానే కొత్త చిక్కు వచ్చిపడింది. వెర్డీ దగ్గర ప్రార్థన జాబితా ఉంది. అందులో రెండు వరసలు: ఒకటి సంఘ సభ్యులు, రెండు బయటివాళ్లు. సభ్యుల కోసం పేరు పెట్టి, లేచి నిలబడి ప్రార్థిస్తారు. బయటివాళ్ల కోసం కూర్చుని, అందరినీ కలిపి ప్రార్థిస్తారు. ఇరవై ఒక్క ఏళ్లు బలిపీఠం ముందు అబద్ధమాడినవాణ్ణి ఏ వరసలో రాయాలని వెర్డీ అడిగింది. బ్రదర్ డెంజిల్ మెడ తుడుచుకుని, ఆపరేషను లోపు తేల్చాలి గనక శనివారం సంఘ సమావేశం పిలిచాడు.

యాభై నాలుగు మంది వచ్చారు. విడుదల ఆదివారానికి కూడా అంతమంది వచ్చేవారు కాదు. ఏడుగురిలో ఒకడు లేచి, నేను మానింది అబద్ధం విని, అబద్ధం విని మానితే ఆ మానడం చెల్లుతుందా చెల్లదా అని అడిగాడు. పక్కవాడు, చెల్లకపోతే నేను ఇవాళే మళ్లీ మొదలెట్టుకోవచ్చా అన్నాడు. అతని భార్య వెనక నుంచి అతని కాలరు పట్టుకుని కూర్చోబెట్టింది. ఒక ముసలావిడ, మరి ఆ మెరుపు సంగతేమిటి, నేను చూశాను కదా అంది. ఆవిడ ఆ రోజు ఊళ్లో కూడా లేదు. పాస్టర్ ఆర్లిస్‌ను ఏమైనా చెప్పుకుంటావా అని అడిగాడు.

ఆర్లిస్ లేచి టోపీ చేతుల్లో తిప్పుతూ అన్నాడు: "ఆ రోజు చెప్పింది నిజమే. తొమ్మిది రోజుల వరకూ నిజం. తర్వాత చెప్పిన ఇరవై ఒకటీ అబద్ధం. మీరు కూర్చుని ప్రార్థించినా ఫరవాలేదు. కానీ చెయ్యండి. నాకు భయంగా ఉంది."

బర్ల్ లేచాడు. ఆర్లిస్ స్టిడమ్ పేరు సభ్యుల పుస్తకంలోంచి కొట్టేయాలని నేను ప్రతిపాదిస్తున్నాను అన్నాడు.

ఆ చర్చిలో ఎవరు ఏం ప్రతిపాదించినా, బలపరిచేవాడు ఇంకొకడు ఉంటేనే ఓటుకు పెడతారు. లేకపోతే అది అక్కడే చస్తుంది. బలపరిచేవారెవరని పాస్టర్ అడిగాడు. యాభై నాలుగు మందీ తమ బూట్లు చూసుకున్నారు. మళ్లీ అడిగాడు. పొయ్యిలో బొగ్గు చిటపటమంది. మూడోసారి అడిగి పుస్తకం మూయబోతుంటే ముందు బెంచీలో చెయ్యి లేచింది.

"నేను బలపరుస్తున్నాను" అన్నాడు ఆర్లిస్.

"నీ మీద పెట్టినదాన్ని నువ్వెలా బలపరుస్తావయ్యా?" అన్నాడు పాస్టర్.

"వాడన్నది న్యాయం. ఎవరో ఒకరు ఒప్పుకోవాలి కదా. వాణ్ణొక్కణ్ణే అలా నిలబెట్టేస్తే ఎలా?"

బ్రదర్ డెంజిల్ నియమాల పుస్తకం తీసి ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి తిరగేశాడు. దొంగ తన శిక్షను తనే బలపరచకూడదని అందులో ఎక్కడా లేదు. రాసినవాళ్లకు ఆ ఊహ తట్టి ఉండదు. ఇక ఓటు తప్పలేదు.

కొట్టేయాలనేవాళ్లు చెయ్యెత్తమన్నాడు. ఒక్క చెయ్యి లేచింది, ఆర్లిస్‌ది. వద్దనేవాళ్లు ఎత్తమన్నాడు. మెల్లగా ఒక్కొక్కటే చేతులు లేచాయి. ఆఖరున, గోడవైపు చూస్తూ, బర్ల్ కూడా ఎత్తాడు. వెర్డీ కలం ఆపి, నువ్వు పెట్టినదే కదా బర్ల్ అంది. పెట్టింది నేనే, పడేసేదీ నేనే, రాసుకో అన్నాడు. ఎస్టా ఏ వైపూ ఎత్తలేదు. తర్వాత ఎవరో అడిగితే, పర్సు పట్టుకున్నాను, చేతులు ఖాళీ లేవు అంది. అయితే ఆ రోజు అందరూ లేచి నిలబడి పేరు పెట్టి ప్రార్థించినప్పుడు, మొదట లేచింది ఆవిడే.

బుధవారం పొద్దున ఆర్లిస్ ఇంటి ముందు బర్ల్ బండి ఆగింది. ఆ ఆదివారం తర్వాత అతను ఆర్లిస్‌తో నేరుగా మాట్లాడటం అదే మొదలు. "నా కోపం పోలేదు. నీ డొక్కు బండి ఇంకోసారి లెక్సింగ్టన్ దాకా పోదని వచ్చాను" అన్నాడు. ఎస్టాను ముందు కూర్చోబెట్టి, ఆర్లిస్‌ను వెనక కూర్చోమన్నాడు. మూడు గంటల దారిలో ఒక్కచోట, పెట్రోలు కోసం ఆగారు.

గురువారం ఆపరేషను రెండున్నర గంటలు పట్టింది. ముక్క శుభ్రంగా వచ్చింది, చుట్టుపక్కల గ్రంథుల్లో ఏమీ లేదు, వేరే మందులు అక్కర్లేదన్నారు. తీసిన ముక్క ఎక్కడ పెట్టారని తెలివి రాగానే ఆర్లిస్ అడిగాడట. ఎస్టాకు అప్పుడు వచ్చిన నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది, మధ్యలో అది ఏడుపైంది, మళ్లీ నవ్వైంది.

ఆ తర్వాత అతను ఆరేళ్లు బతికాడు. మొదట్లో ఆరేసి నెలలకు, తర్వాత ఏటా స్కానింగుకు వెళ్లాడు, ప్రతిసారీ శుభ్రంగానే ఉంది. పోయిన ఏప్రిల్‌లో, నిద్రలో, గుండె ఆగిపోయింది. ఊపిరితిత్తులకు అందులో పాలు లేదని డాక్టరు చెప్పాడు. ఆ మాట చెబితే ఊరటగా ఉంటుందనుకున్నాడు కాబోలు. ఆ ఆరేళ్లలో అతను సిగరెట్టు ముట్టలేదు. అక్టోబర్లలో పాస్టర్ ఎంత అడిగినా సాక్ష్యం చెప్పడానికి మాత్రం లేవలేదు. అప్పుడే చెబితే తొందరపాటు అవుతుంది, చూద్దాం అనేవాడు.

కానీ ఆసుపత్రి నుంచి పంపించిన ఆ శనివారం సంగతి ఒకటి చెప్పాలి. చక్రాల కుర్చీలో ఆర్లిస్, వెనక ఎస్టా, పక్కన సంచి పట్టుకుని బర్ల్. నర్సు ఆఖరి కాగితం నింపుతోంది. సిగరెట్లు ఎప్పుడు మానేశారని అడిగింది.

"మంగళవారం" అన్నాడు ఆర్లిస్.

బర్ల్ సంచి కింద పెట్టాడు.

"బుధవారం" అన్నాడు. "బుధవారం పొద్దున పెట్రోలు బంకు వెనక, గాలి కొట్టే గొట్టం పక్కన నిలబడి ఒకటి కాల్చాడు. సగం కాల్చి పారేశాడు. నేను చూశాను. కావాలంటే నా సంతకం తీసుకో."

నర్సు ఆర్లిస్ వైపు చూసింది. ఆర్లిస్ అవునన్నట్టు తల ఊపాడు. ఆమె మంగళవారం కొట్టేసి బుధవారం అని రాసింది.